ఛాంబర్సు వాళ్ల నడక: సేవా, షోకా?

బెంచిక్లర్కు_గుంటూరు
మా మేనల్లుడు లండన్‌లో బారిస్టరు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, మా ఛాంబర్సంతా పది కిలోమీటర్లు నడుస్తున్నాం, నీ వంతు పది పౌండ్లు పంపు" అన్నాడు. నడిచేది నువ్వు, డబ్బులిచ్చేది నేనా అన్నాను. లండన్ లీగల్ వాక్ అట, 2005 నుంచి జరుగుతోందట, జడ్జీలూ నడుస్తారట. వచ్చిన డబ్బు పేదలకు ఉచితంగా సలహా ఇచ్చే లా సెంటర్లలాంటి వాటికి పోతుందట.

సరే అని వాళ్ల వెబ్‌సైటు చూశాను. ఒకే రంగు టీషర్టులు, పదిహేను మంది, నవ్వులు. పక్కనే 'ప్రో బోనో', అంటే ఉచితంగా వాదించడం, అని ఒక పేజీ. నేను ముప్పై రెండేళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా చేశాను. ఫీజు పుచ్చుకోకుండా వాదించిన ప్లీడర్లను చూశాను, ఒక్కరూ ఫొటో దిగలేదు. పూర్వం బారిస్టర్లు ఫీజు నోరు తెరిచి అడగకూడదని గౌను వెనక చిన్న జేబు ఉండేదట, తోచింది అందులో వేసి పోయేవారట. అక్కణ్ణుంచి టీషర్టుల దాకా వచ్చాం. ఇది సేవా, ప్రచారమా? మీరే చెప్పండి.

చాయ్_రెండోకప్పు
ఇంతకీ పది పౌండ్లు పంపారా బాబాయ్?

టెంపుల్_పక్కసందు
నేనూ లండన్ బారులోనే ఉన్నాను, ఆ నడక నేనూ నడిచాను. ఛాంబర్స్ అనగానే మనవాళ్లు సీనియర్ గారి ఆఫీసు అనుకుంటారు. కాదు. దానికి ఓనరు లేడు. నలభై, యాభై మంది, ఎవరి ప్రాక్టీసు వాళ్లది. అద్దె, క్లర్కుల జీతాలు పంచుకుంటాం. కేసులు తెచ్చే సొలిసిటర్లతో ఫీజు మాట్లాడేది, డైరీ చూసేది క్లర్కే. నేను ఒకరోజు ఉచితంగా కోర్టుకెళ్తే ఆ రోజు సంపాదన సున్నా, అద్దెలో నా వాటా మాత్రం ఆగదు.

ఇక ప్రో బోనో. అడ్వొకేట్ అనే ఛారిటీ ఉంది, 1996లో పీటర్ గోల్డ్‌స్మిత్ బార్ ప్రో బోనో యూనిట్ పేరుతో మొదలుపెట్టారు. కేసులు అక్కణ్ణుంచి వస్తాయి. ఫ్రీ రెప్రజెంటేషన్ యూనిట్ ఇంకా పాతది, 1972 నాటిది. అక్కడ లా చదివే పిల్లలే ట్రైబ్యునల్లో నిలబడి వాదిస్తారు. నా మొదటి కేసు అదే. హోటల్లో గిన్నెలు కడిగే ఆయనకు సెలవు జీతం ఎగ్గొట్టారు, నాలుగు వందల చిల్లర పౌండ్లు. పే స్లిప్పులన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. కొన్నిటి మీద నూనె మరకలకి అంకెలు కనబడలేదు, ట్రైబ్యునల్ హాల్లో లైటు కింద ఎత్తి పట్టుకుని చదివాను.

ఇంకోటి. సివిల్ కోర్టులో ఉచితంగా వాదించి గెలిస్తే ఓడినవాళ్లు ఖర్చులు కట్టాలని జడ్జి ఆదేశించవచ్చు, 2007 చట్టం ఉంది. ఆ డబ్బు లాయరుకు రాదు, యాక్సెస్ టు జస్టిస్ ఫౌండేషన్‌కు పోతుంది. ఇంత చేశాక ఒక ఫొటో దిగితే ఏం కొంప మునిగింది?

పాతసంగతుల_పంతులు
చిన్న సవరణ. గౌను వెనక ఉన్నది జేబు కాదు. 1685లో రెండో చార్లెస్ పోయినప్పుడు సంతాపంగా వేసుకున్న గౌను తలముసుగు అలా చిక్కిపోయి మిగిలింది. ఫీజు జేబు అన్నది పుక్కిటి పురాణం.

బెంచిక్లర్కు_గుంటూరు
అడిగింది జేబు గురించి కాదండీ.

నాంపల్లి_జూనియర్
టెంపుల్ అన్నా, మీది బాగానే ఉంది. మా దగ్గర సేవ ఎలా జరుగుతుందో చెప్తా.

నాలుగేళ్లుగా ఒక సీనియర్ దగ్గర చేస్తున్నా. నెలకు 3,000, అదీ దసరాకి గుర్తొస్తే. పోయిన ఏడాది ఒక బస్తీలో ఉచిత న్యాయ శిబిరం పెట్టారు. ఆదివారం పొద్దున మొదలుపెట్టి సోమవారం రాత్రి దాకా 41 పిటిషన్లు రాశా, ఎక్కువ భాగం మెయింటెనెన్స్‌వి, అంటే భరణం కేసులు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం, ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉందని వాళ్లకు చెప్పింది కూడా నేనే. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. సీనియర్ గారు ఒక పెద్దావిడకు కాగితం అందిస్తున్నారు. ఎడమ పక్కన నా మోచెయ్యి ఉంది.

జూనియర్లకు పట్నంలో 20,000, పల్లెల్లో 15,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ పంపింది. మా సీనియర్ ఆ కాగితాన్ని నాచేతే ఫైల్లో పెట్టించారు.

చాయ్_రెండోకప్పు
మోచెయ్యికి స్టైపెండ్ ఎంత అన్నా 😂

టెంపుల్_పక్కసందు
అది ఛాంబర్స్ తప్పు కాదు కదా. ఇక్కడ ప్యూపిల్‌కు, అంటే శిక్షణలో ఉన్న కొత్త బారిస్టరుకు, డబ్బివ్వడం 2003 నుంచి తప్పనిసరి. ఇప్పుడు లండన్‌లో కనీసం ఏడాదికి 24,000 పౌండ్ల పైనే.

నాంపల్లి_జూనియర్
ఆ సీటు దొరికేదెవరికి? బార్ కోర్సు ఫీజే పదివేల పౌండ్లు దాటుతుంది. అంత పెట్టగలిగినవాడు నెలకో రోజు పుణ్యానికి ఇస్తే దానికో పేజీ, ఒక టీషర్టు.

టెంపుల్_పక్కసందు
మీ సీనియర్ మీద కోపం నా మీద తీర్చుకుంటున్నారు. ఇక్కడ అందరూ వెండి చెంచాతో పుట్టలేదు. 2022లో క్రిమినల్ బారిస్టర్లు కోర్టుల బయట ఎందుకు నిలబడ్డారు? కొత్తవాళ్లకు మొదటి మూడేళ్లలో ఖర్చులు పోను ఏడాదికి 12,200 పౌండ్లే మిగులుతోందని వాళ్ల సంఘం మొత్తుకుంది. ప్రభుత్వం ఫీజు 15 శాతం పెంచుతామన్నాకే అక్టోబరులో సమ్మె విరమించారు. తెలియకపోతే తెలుసుకుని మాట్లాడండి.

నాంపల్లి_జూనియర్
సమ్మె చేయగలిగారు కదా. నేను రేపు మానేస్తే మా సీనియర్‌కు ఎల్లుండి దాకా తెలియదు కూడా.

పాతసంగతుల_పంతులు
ఫీజు మాట వచ్చింది కాబట్టి. బారిస్టరు ఫీజు చాలాకాలం బహుమానం కింద లెక్క, ఇవ్వకపోతే దావా వేసే హక్కు కూడా లేదు. 1990 చట్టంతో అది మారింది. జేబు కథ అందుకే పుట్టి ఉంటుంది.

క్రాయిడన్_అక్క
చాలాకాలంగా చదవడమేగానీ రాయలేదు. మీ ఇద్దరి మధ్య దూరుతున్నందుకు ఏమనుకోకండి.

2013 ఏప్రిల్ నుంచి ఇక్కడ ఇంగ్లండ్‌లో కుటుంబ కేసుల్లో చాలావాటికి లీగల్ ఎయిడ్ తీసేశారు. హింస జరిగిందని రుజువు కాగితాలుంటే ఇస్తారు. నా దగ్గర లేవు, నేనెప్పుడూ పోలీసులకు చెప్పలేదు. పాప ఎవరి దగ్గర ఉండాలన్న కేసు. మొదటి వాయిదాకి ఒక ఛాంబర్స్ నుంచి ఒక అమ్మాయి ఉచితంగా వచ్చింది. నేను ఆవేశంలో నోరు తెరవబోయినప్పుడల్లా కాగితం మీద పెన్సిల్‌తో 'ఆగండి' అని రాసి నా వైపు జరిపేది. చాలా బాగా వాదించింది.

రెండో వాయిదాకి ఎవరూ రాలేదు. పాప నాన్నకు బారిస్టరున్నాడు. నా పక్కన ఒక వలంటీరు కూర్చుంది, మెకెంజీ ఫ్రెండ్ అంటారు. జడ్జి అనుమతిస్తే తప్ప వాళ్లు మాట్లాడకూడదు. 212 పేజీల కట్టలో నాకు పేజీలు తీసి ఇచ్చింది పాపం.

ఫొటో దిగారా లేదా నాకు అనవసరం. ఆ అమ్మాయి మొదటిసారి ఎందుకొచ్చిందో కూడా అనవసరం. రెండోసారి ఎందుకు రాలేదన్నదే నాకు కావాలి.

టెంపుల్_పక్కసందు
అక్కా, ఉచిత సాయం సాధారణంగా కేసులో ఒక దశ వరకే ఉంటుంది, మొత్తానికి కాదు. ఆ రోజు ఆ అమ్మాయికి ఇంకో కోర్టులో ఫీజు కేసు ఉండి ఉంటుంది.

క్రాయిడన్_అక్క
నేనూ అదే అనుకున్నాను తమ్ముడూ. ఫీజు కేసు.

బెంచిక్లర్కు_గుంటూరు
ప్రకాశం పంతులు గారు లండన్ వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసులో దండిగా సంపాదించి, సహాయ నిరాకరణలో ప్రాక్టీసే వదిలేశారు. ఆయన రెండో వాయిదాకి రాననలేదు.

టెంపుల్_పక్కసందు
అందరూ ప్రకాశం గారు కాలేరండీ. లీగల్ ఎయిడ్ ఇవ్వాల్సింది ప్రభుత్వం. అది చేతులెత్తేసి, మేం నెలకో రోజు ఇస్తే మిగతా ఇరవై తొమ్మిది రోజులకు మమ్మల్ని బోనులో నిలబెడుతున్నారు.

నాంపల్లి_జూనియర్
అన్నా, ఒక్క మాట అడుగుతా. నాంపల్లి కోర్టుల్లో చేశానని నీ ప్రొఫైల్లో ఉంది. ఎన్నాళ్లు?

టెంపుల్_పక్కసందు
తొమ్మిది నెలలు. జీతం లేకుండా. మా నాన్న గాజువాకలో స్థలం అమ్మి పంపారు. నేను వెళ్లిపోయాను, నిజమే. దానికి సిగ్గుపడాలా?

నాంపల్లి_జూనియర్
సిగ్గెందుకు? నా దగ్గర స్థలం ఉంటే నేనూ పోయేవాణ్ణి. నాకు లేదు. అందుకే నీ ఫొటో చూస్తే మండుతుంది. ఇదే సంగతి, ఇంకేం లేదు.

మోడరేటర్
రెండు బూతులు తీసేశాను. జేబు గురించి వేరే టాపిక్ తెరవండి.

పాతసంగతుల_పంతులు
తెరిచాను.

బెంచిక్లర్కు_గుంటూరు
పది పౌండ్లు పంపాను, చాయ్ బాబూ. నాంపల్లి నాయనా, ఆ 41 పిటిషన్లలో ఎన్ని కోర్టు రికార్డులోకెక్కి నంబరయ్యాయి?

నాంపల్లి_జూనియర్
26 అయ్యాయి సార్. మిగతా 15 ఆబ్జెక్షన్లు వేసి రిటర్న్ చేశారు. సీనియర్ గారికి గుర్తు లేదు. రేపు పొద్దున నేనే సరిచేసి మళ్లీ వేయాలి.