దవడ నరం నొప్పితోటి సకినాలు, సర్వపిండి తినేదెట్ల?

హన్మకొండ నుంచి, 54 ఏండ్లు:
అందరికి నమస్తే. నాకు రెండేండ్ల సంది ట్రైజెమినల్ న్యూరాల్జియా ఉన్నది. కుడి దిక్కు పెదవి కాన్నుంచి చెవుదాంక కరెంటు షాక్ కొట్టినట్టు గుంజుతది. మొదలు పంటి నొప్పనుకొని ఒక దవడ పన్ను పీకించుకున్న, నొప్పి అట్లనే ఉన్నది. తర్వాత నరాల డాక్టరు ఎమ్మారై తీపిచ్చి, మొఖానికొచ్చే ఐదో నరానికి రక్తనాళం ఒత్తుకుంటాందని చెప్పిండు. కార్బమజెపిన్ వాడుతున్న. నొప్పి చానా తగ్గింది గని తల తిరుగుతది, పొద్దంత మబ్బుమబ్బుగ ఉంటది.

నా బాధ తిండిది. రెండు పూటల మెత్తటన్నం, సల్లనే. మొన్న సంక్రాంతికి ఆడిబిడ్డలతోటి కూసోని బట్ట మీద సకినాలు సుట్టిన. వాము, నువ్వుల వాసన రెండు రోజులు చేతులకే ఉన్నది. ఒక్కటి నోట్ల పెట్టుకోలే. అందరి ముంగట మొఖం పట్టుకోని ఏడుస్తనేమోనని భయం. మా ఆయన నా ముంగట కరకరలాడేది తినుడే బంద్ జేసిండు. అది నాకు నొప్పి కంటె ఎక్కువైంది. ఈ రోగంతోటి ఎవలన్న ఇష్టమైనయి తింటున్నరా?

కరీంనగర్ నుంచి:
అక్కా, నాకు ఆరేండ్లాయె. నేను గోలీ టైము చూసుకొనే తింట. గోలీ పనిజేసే టైముల నమిలితే షాకులు తక్కువొస్తయి, అది నాలుగు రోజులు రాసుకుంటే నీకే తెలుస్తది. సకినాన్ని చాయల నానబెట్టు, చాయ గోరువెచ్చగుండాలె. మెత్తగయినంక గూడ వాము రుచి పోదు. సర్వపిండిల శెనగపప్పు, పల్లీలు పలుకులు పలుకులుగ తాకుతయి. అవి మాని, పల్లీల పొడేసి, సొరకాయ తురుము బాగ కలుపు. గంజుకు కొంచెం మందంగ ఒత్తి మూతపెట్టి సన్నమంట మీద మగ్గనియ్యి. అడుగు పెంకు మా పిల్లలు కొట్లాడి తింటరు, మీది మెత్తది నాది.

వరంగల్ నుంచి, మందుల షాపు:
అమ్మా, ఒక్క మాట. కార్బమజెపిన్‌తో కొందరికి రక్తంల సోడియం తగ్గుతది. తలతిరుగుడు, మబ్బు దానివల్ల గూడ కావచ్చు. డాక్టర్ను అడిగి పరీక్ష చేయించుకోండి. నొప్పి తగ్గిందని గోలీ మీ అంతట మీరు ఆపొద్దు. ఒంటి మీద దద్దుర్లు, నోట్లె పుండ్లు లేస్తే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలె. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, బత్తాయి జాతి పండు) రసం తాగొద్దు, మందు రక్తంల ఎక్కువైతది.

నర్సంపేట నుంచి:
కారం తినబుద్ధయితే చెప్తున్నక్కా, మా దిక్కు చపాట మిర్చి దొరుకుతది. టమాటలెక్క ఉంటది, ఎర్రటి రంగు, కారం తక్కువ. మా అమ్మకు దవడ బాగలేనప్పుడు దాంతోనే తొక్కు నూరి, ఉడుకన్నంల నెయ్యేసి పెట్టినం.

హన్మకొండ నుంచి, వారం తర్వాత:
సోడియం నిజంగనే తక్కువున్నదట, డాక్టరు మందు మారుస్తనన్నడు. ఆడిబిడ్డ డబ్బల ఇంక సకినాలు మిగిలినయి. నిన్న సాయంత్రం గోలీ ఏసుకున్న గంటకు చాయల ముంచుకొని, ఎడమ దిక్కు మెల్లగ నమిలిన. రెండు తిన్న. ఒక్కసారి చిన్నగ గుంజింది, ఆగి మల్ల తిన్న. మా ఆయనను పక్కన కూసోబెట్టుకున్న. ఆయనది నానబెట్టనిది, కరకర సప్పుడు విన్న.