చర్చ: ఇద్దరు పసిపిల్లలతో రోజూ ఆరు కిలోమీటర్లు, దేని మీద?

కొత్తప్రశ్న: ఒకరికి మూడేళ్లు, ఒకరికి తొమ్మిది నెలలు. కారా, బస్సా, సైకిలా?

వెనకసీటు: కారే. చిన్నవాళ్లకి వెనక్కి తిరిగి ఉండే సీటు పెట్టండి. పిల్లల కారు సీట్లకి ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్129 నియమం ప్రకారం 15 నెలలు నిండేదాకా అలాగే ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో మాత్రం దాన్ని పెట్టకూడదు. బిగించాక బెల్టు దూరే చోట పట్టుకుని ఊపండి, అంగుళం మించి కదిలితే మళ్లీ బిగించాల్సిందే.

రెండుచక్రాలు: ఆరు కిలోమీటర్లకి కారెందుకండీ? సైకిల్ క్యారియర్ మీద సీటు బిగిస్తే సరి, 22 కిలోల దాకా మోస్తుంది.

పానా: ఆ 22 సీటు మోసే బరువు. క్యారియర్ సంగతేంటి? దాని మీద 25 అని కొట్టి ఉంటే అందులో సీటు బరువు కూడా కలిసే ఉంటుంది. సీటే ఐదు కిలోలుంటే బిడ్డకి మిగిలేది 20. ఈ సీట్లు బిగించడమే నా పని, తెలిసే చెబుతున్నా. సీటు పక్కన గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించే చోటు, గుర్తు ఉంటుంది. అది వెనక ఇరుసుకి 10 సెంటీమీటర్లకి మించి వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోతుంది.

రెండుచక్రాలు: అందరినీ భయపెట్టకండి. స్టాండు వేసి ఎక్కిస్తే ఏమీ కాదు.

పానా: ఒంటికాలి స్టాండు మీద పిల్లని వదిలేస్తారా? పిల్ల పక్కకి వంగితే బండి మొత్తం పడుతుంది! రెండు కాళ్ల స్టాండు ఉన్నా హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకూడదు. ముందుగా సంచీ పెట్టాలి, పిల్లని ఆఖర్న ఎక్కించాలి. దించేటప్పుడు పిల్లే ముందు.

బస్సుపాస్: బస్సులో స్ట్రోలర్‌ని వెనక్కి తిప్పి, ఆనుకునే పలకకి చేర్చి బ్రేకు వేయండి. ఒంటిచేత్తో మడతపడని స్ట్రోలర్ కొనకండి, రెండో చేతిలో పిల్ల ఉంటుంది.

వెనకసీటు: చలికాలంలో లావు కోటు మీద బెల్టు పెట్టేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలి! గుద్దుకున్నప్పుడు కోటు నలిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి బెల్టు పెట్టి, పైన కప్పండి.

కొత్తప్రశ్న: తొమ్మిది నెలల బిడ్డ సంగతి ఎవరూ చెప్పలేదు.

పానా: సైకిల్ మీద ఇప్పుడే వద్దు. ఆసరా లేకుండా కూర్చోవాలి, హెల్మెట్ బరువుని మెడ ఆపాలి. ఏడాది దాటనివ్వండి. పెద్దదానికైతే చువ్వల్లో కాలు పడకుండా పాదాల తొట్లు, మీ సీటు కింద స్ప్రింగులుంటే వాటికి తొడుగు. అక్కడే వేళ్లు నలుగుతాయి.

కొత్తప్రశ్న: మా సైకిల్ సీటు కింది గొట్టం కోడిగుడ్డు ఆకారంలో ఉంది.

పానా: అయితే గొట్టానికి పట్టే క్లాంపు రకం కొనకండి, అది గుండ్రటి గొట్టానికే. క్యారియర్ మీది అంకె చూసి చెప్పండి.