ఇల్లు అమ్మేసి ఆర్వీలోకి మారిపోతే మనవలకు దగ్గరవుతామా, దూరమవుతామా?

ప్లేనో తాత:
అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మా ఇంట్లో ఇదే గొడవ. మా వాళ్ళందరూ ఏదో ఒక పక్షం తీసేసుకున్నారు కాబట్టి బయటివాళ్ళని అడుగుదామని ఇక్కడ పెడుతున్నాను.

నాకు 67, మా ఆవిడకి 64. డాలస్ పక్కన ప్లేనోలో నాలుగు బెడ్‌రూముల ఇల్లు. పై గదుల తలుపులు పండగలకి తప్ప తీయం. ప్రాపర్టీ టాక్స్ మాత్రం అన్ని గదులకీ కడుతున్నాం. అబ్బాయి షార్లెట్‌లో, అమ్మాయి సియాటిల్‌లో, ఇద్దరికీ ఇద్దరేసి పిల్లలు. మ్యాపులో చూస్తే ఇద్దరికీ మధ్యలో ఉన్నట్టు కనిపిస్తాం గానీ ఎవరింటికి వెళ్ళాలన్నా విమానం ఎక్కాల్సిందే.

రెండేళ్ళ క్రితం ఒక సెకండ్ హ్యాండ్ ఆర్వీ, అంటే లోపలే వంటగది, పడకలు ఉండే బండి, కొన్నాం. క్లాస్ సి, 28 అడుగులు, డ్రైవర్ నెత్తి మీద పడక ఉండే రకం. పోయిన వేసవి సెలవుల్లో అమ్మాయి పిల్లలు (మనవరాలికి పది, మనవడికి ఏడు) డాలస్‌కి విమానంలో వస్తే వాళ్ళని ఎక్కించుకుని పన్నెండు రోజుల టూర్‌గా ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి బయల్దేరాం. అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్‌లో ఒక రాత్రి, తర్వాత డెన్వర్, షయాన్ మీదుగా. పదమూడు వందల మైళ్ళ పైమాటే. ఆ బండి గాలన్‌కి తొమ్మిది మైళ్ళు ఇస్తే గొప్ప, కాబట్టి ఒక్క వైపుకే నూట యాభై గాలన్లు తాగింది.

నాకు సీనియర్ పాస్ ఉంది. 62 నిండిన సిటిజన్లకీ గ్రీన్ కార్డువాళ్ళకీ 80 డాలర్లకే జీవితాంతం పనికొచ్చేది. ఒక్క పాస్ మీద బండిలో ఉన్న అందరూ నేషనల్ పార్కులోకి వెళ్ళిపోవచ్చు. కానీ ఇక్కడ నాలుగో తరగతి పిల్లలకి ఆ ఏడాదికి ఉచితంగా ఒక పాస్ ఇస్తారు, మా మనవరాలి దగ్గర అది ఉంది. గేటు దగ్గర నేను జేబులో చెయ్యి పెట్టేసరికి "తాతయ్యా, నీది దాచుకో, ఇవాళ అందరం నా పాస్ మీద వెళ్తున్నాం" అని కిటికీలోంచి తనే రేంజర్‌కి ఇచ్చింది. చిన్నవాడు పార్కువాళ్ళు పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకం పూర్తిచేసి, చెయ్యెత్తి ప్రమాణం చేసి, బ్యాడ్జి సంపాదించాడు. ఆ రాత్రి దాన్ని బనీనుకి పెట్టుకునే పడుకున్నాడు.

ఇప్పుడు నా ఆలోచన ఏమిటంటే ఇల్లు అమ్మేసి పూర్తిగా బండిలోకి మారిపోవాలని. నాలుగు నెలలు అబ్బాయి ఊరి దగ్గర, నాలుగు నెలలు అమ్మాయి ఊరి దగ్గర, మిగతా నాలుగు నెలలు దేశం మీద. అబ్బాయి సరే అన్నాడు గానీ వాళ్ళ కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళు, అంటే ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, ఇంటిముందు ఆర్వీ రెండ్రోజులు దాటి ఉంచనివ్వరు. అమ్మాయి మాత్రం "నాన్నా, పిల్లలకి మీరు విజిటర్స్ అయిపోతారు" అంది. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నాది స్వార్థమా?

బొబ్బిలి అమ్మాయి:
అంకుల్, నేను మీ అమ్మాయి పక్షం. నాకు ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. మంచు పడి స్కూలు మూసేసిన రోజు పాపకి 102 జ్వరం, మావారు వేరే ఊళ్ళో, నాకు ఆఫీసులో ఆన్‌కాల్. ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఒక చేత్తో తడిగుడ్డ. ఆ రోజు మా అమ్మ ఊళ్ళోనే ఉండి ఉంటే అని ఏడ్చాను.

ఫ్రీగా పిల్లల్ని చూసుకోమని అడుగుతున్నాం అనుకోకండి, మీ తరంవాళ్ళు వెంటనే అదే అంటారు. మా పక్కింట్లో ఒక నాయనమ్మ ప్రతి బుధవారం వస్తారు. వచ్చి పెద్దగా చేసేదేం ఉండదు. బాబుని బస్‌స్టాప్ నుంచి తీసుకొస్తారు, అటుకులు వేయిస్తారు, పలక మీద రెండు అక్షరాలు దిద్దిస్తారు. ఆ పిల్లాడు తెలుగులో పోట్లాడతాడు. మావాడికి అమ్మమ్మ అంటే ఫోన్‌లో సగం నుదురు, సగం ఫ్యాను. పన్నెండు రోజుల టూర్ బ్రహ్మాండమే, కాదనను. కానీ అది పండగ లాంటిది. మాకు కావలసింది బుధవారాలు.

30 ఆంప్స్:
ప్లేనో తాతగారూ, మేమిద్దరం మూడేళ్ళు ఇల్లు లేకుండా ఆర్వీలోనే ఉండి, మళ్ళీ ఒక చిన్న కాండో కొనుక్కున్నాం. కాబట్టి కొంచెం లెక్కల్లోకి దిగుతాను, విసుక్కోకండి.

ముందు ఆరోగ్యం. మీకు మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వచ్చేసింది, ఆవిడకి 65 నిండే దాకా రాదు. ఆవిడ ఇన్సూరెన్స్ టెక్సాస్ ప్లాన్ అయితే మామూలు డాక్టర్ విజిట్లు వేరే రాష్ట్రంలో కవరవుతాయో లేదో ముందే కనుక్కోండి. మీది ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) అయితే దేశంలో మెడికేర్ తీసుకునే ఏ డాక్టర్ దగ్గరికైనా వెళ్ళొచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ అయితే చాలావరకు మీ ప్రాంతం నెట్‌వర్క్‌కే కట్టేసి ఉంటారు. ఎమర్జెన్సీకి ఎక్కడైనా చూస్తారు గానీ, మన వయసులో ఎమర్జెన్సీలకన్నా బీపీ, షుగర్ చెకప్పులే ఎక్కువ కదా.

రెండోది, బండి పాడైతే. కారు షెడ్డుకి వెళ్తే ఇంట్లో కూర్చుంటాం. ఆర్వీ షెడ్డుకి వెళ్తే ఇల్లే షెడ్డుకి వెళ్ళినట్టు. ఒక చిన్న పార్టు కోసం మేం పందొమ్మిది రోజులు మోటెల్‌లో ఉన్నాం, అదీ హైవే పక్కన, నడిచి వెళ్ళడానికి ఒక పెట్రోలు బంకు తప్ప ఏమీ లేని చోట.

మూడోది మనవలతో వెళ్ళేవాళ్ళకి ముఖ్యం. పక్కకి తిరిగి ఉండే సోఫాలో పిల్లల కార్ సీటు గానీ, ఎత్తు కోసం వేసే బూస్టర్ సీటు గానీ పెట్టకూడదు, బెల్టు ఉన్నా సరే. ముందుకి చూసే సీటే కావాలి. డైనింగ్ బెంచీ బెల్టు బండి ఫ్రేముకి బిగించి ఉందా, ఉత్త చెక్కకి బిగించారా అని కింద పడుకుని టార్చి వేసి చూడండి. పాత బండ్లలో చెక్కకే ఉన్నవి చూశాను.

ఇక వచ్చే ఏడాది గ్లేసియర్ పార్కు అనుకుంటే, కొండ మీదుగా వెళ్ళే గోయింగ్ టు ది సన్ రోడ్డులో అసలు భాగానికి 21 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు. మీది 28. వెనకాల చిన్న కారు కట్టుకుని వెళ్ళి, బండి కింద వదిలేసి ఆ కారులో ఎక్కాలి, లేదా పార్కు షటిల్ బస్సు.

ఇవన్నీ చెప్పి కూడా ఒకటి ఒప్పుకుంటాను. నల్ల ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు (తెలియనివాళ్ళకి, అది టాయిలెట్‌ది. ముందు అది వదిలి, ఆ తర్వాత స్నానాల నీళ్ళ ట్యాంకు వదలాలి, గొట్టం కడుక్కుపోతుంది) నాలుగేళ్ళ మా మనవడు ముక్కు మూసుకుని పక్కన నిలబడి "తాతా, ఇదంతా మనదేనా?" అన్నాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అదే గుర్తుచేస్తాడు.

గోదావరి గట్టు:
అయ్యా, నేను రాజమండ్రి నుంచి. రిటైర్డ్ టీచర్‌ని. మీ కష్టం చదివి నవ్వొచ్చింది, కోపం తెచ్చుకోకండి. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. రెండు మూడేళ్ళకోసారి విజిటర్ వీసా మీద వస్తాం. వాళ్ళు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి పోయాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటివాళ్ళు చెత్తబుట్ట ఎప్పుడు బయటపెడతారా అని చూస్తుంటాం. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన మనవలకి దగ్గరైపోతామని నేననుకోను. సాయంత్రం వాళ్ళకి ఈత, కరాటే. రాత్రి "గుడ్‌నైట్ తాతా." మీరు పన్నెండు రోజుల్లో మాట్లాడినన్ని మాటలు నేను ఆర్నెల్లలో మాట్లాడలేదు.

అయినా బండిలో వంట చేసుకుంటూ ఊళ్ళు తిరగడం మనకి కొత్తా? మా ఊరి నుంచి ఏటా కాశీ యాత్ర బస్సు బయల్దేరుతుంది. బస్సు డిక్కీలో బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, గుండిగలు, వెంట వంటమనిషి. ఎక్కడ చెట్టు, బోరింగు కనిపిస్తే అక్కడ ఆపి పులిహోర కలిపేస్తారు. అంతకన్నా వెనక్కి వెళ్తే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి పల్లకీలూ డేరాలూ కట్టించుకుని పెద్ద పరివారంతో కాశీ వెళ్ళి, పదిహేను నెలలకి తిరిగొచ్చారు. అప్పట్లో కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. మీ అమ్మాయి భయం కూడా ఆ బాపతేనేమో.

సూటిమాట:
అందరూ పార్కులు, పాసులు, ట్యాంకులు మాట్లాడుతున్నారు. అసలు పోస్టు మళ్ళీ చదివాను. "నా ఆలోచన" ఉంది, అబ్బాయి ఏమన్నాడో ఉంది, అమ్మాయి ఏమందో ఉంది. ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ఆ 28 అడుగుల్లో నలుగురికి పూటపూటా వండింది ఎవరు సార్?

ప్లేనో తాత:
అమ్మా, వంట ఆవిడదే, అబద్ధం ఎందుకు. గిన్నెలు మాత్రం నేనే కడిగాను. ఇల్లు అమ్మే సంగతి అడిగితే "మీ ఇష్టం" అంది.

సూటిమాట:
నలభై ఏళ్ళ కాపురం తర్వాత కూడా "మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్నారా?

ప్లేనో తాత (ఇదే అకౌంటు నుంచి ఆయన భార్యని రాస్తున్నాను):
నమస్తే. ఈయన భోంచేసి పడుకున్నారు. ఇందాక ఫోన్ నా చేతికిచ్చి చదవమన్నారు, చదివాను.

వంట సంగతి అడిగారు కాబట్టి ముందు అది. ఎల్లోస్టోన్‌లో దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తు. నీళ్ళు ఇట్టే మరుగుతాయి, పప్పు మాత్రం చచ్చినా ఉడకదు. కుక్కర్ లేకపోతే పస్తే. ఇడ్లీ పిండి ప్లేనోలో రుబ్బి పట్టుకెళ్ళాను. అమరిల్లో ఎండకి పొంగి, రోడ్డు మలుపులో మూత ఊడి సొరుగు నిండా పారింది. ఆ తర్వాత ఎల్లోస్టోన్ చలికి మిగతాది అసలు పొంగలేదు, అట్లు పోశాను. ఏసీ, మైక్రోవేవ్ ఒకేసారి వేస్తే కరెంటు పోతుంది, ఆ సంగతి 30 ఆంప్స్ గారికి నేను చెప్పక్కర్లేదు.

అయినా నాకు నచ్చింది. మా ఇంట్లో పిల్లలొస్తే నేను వంటింట్లో, వాళ్ళు పైన ఐప్యాడ్‌తో. బండిలో పైన ఏముంది, పడక తప్ప? ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులో ఎలుగుబంట్ల భయానికి గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడల బండ్లే ఉండాలి. చీకటి పడ్డాక అందరం లోపలే. చిన్నవాడు నా మోకాలికి ఆనుకుని కూర్చుని వెల్లుల్లి వలిచాడు. పెద్దది "అమ్మమ్మా, నీకు నా అంత వయసప్పుడు ఏం చేసేదానివి" అని అడిగింది. తెనాలిలో మా ఇంటి వెనక కాలవ గురించి రెండు రాత్రులు చెప్పాను. నా కూతురికి కూడా ఎప్పుడూ చెప్పలేదు అది, తనూ అడగలేదు, నాకూ తీరలేదు.

కానీ ఈయన ఒకటి రాయలేదు చూడండి. తిరుగుప్రయాణంలో వయోమింగ్‌లో ఈయనకి చలిజ్వరం వచ్చింది. లేచి కూర్చోలేకపోయారు. నేను కారు నడుపుతాను గానీ ఆ బండి ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, ఊరికి నలభై మైళ్ళ దూరంలో రెండు రోజులు అలాగే ఉన్నాం. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేదాన్ని. అమ్మాయికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఇక్కడ చదివితే తెలుస్తుంది, తెలియనీ.

నేను "మీ ఇష్టం" అన్నది అందుకే. బండి కావాలి. ఇల్లు అమ్మడం మాత్రం వద్దు. మనవల కోసం కాదు, నా కోసం. పెరట్లో కరివేపాకు చెట్టుని పదకొండేళ్ళుగా ప్రతి చలికాలం దుప్పటి కప్పి బతికించుకుంటున్నాను. గురువారం భజనకి వచ్చే ఆరుగురున్నారు. వాళ్ళని ఏ డంప్ స్టేషన్ (ఆ ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర వెతుక్కోను? నాలుగు నెలలు తిరుగుదాం, ఎనిమిది నెలలు ఇంట్లో ఉందాం. పెద్దిల్లు భారమైతే చిన్నది చూద్దాం. నాకు ఆ బండి తోలడం నేర్పాలి, అది నా షరతు.

విజిటర్స్ మాట కూడా చెప్తాను. ఉద్యోగం వచ్చిందని అమ్మాయి సియాటిల్ వెళ్ళినప్పుడు మేం విజిటర్స్ అయిపోతామేమోనని ఎవరూ అనుకోలేదు. తప్పు పట్టడం లేదు, మేమూ మా అమ్మానాన్నల్ని తెనాలిలో వదిలే వచ్చాం.

బొబ్బిలి అమ్మాయి:
ఆంటీ, ఆఖరి మాట నాకూ తగిలింది. రాత్రి మా అమ్మకి ఫోన్ చేశాను. అయినా నా మాట నాదే. మేం వెళ్ళాం, మీరు వెళ్ళారు, నిజమే. పిల్లలు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు కదా, వాళ్ళకెందుకు ఈ శిక్ష? ఆ ఎనిమిది నెలల్లో ఒక నెల సియాటిల్‌లో, ఒక నెల షార్లెట్‌లో మామూలుగా, ఏ పార్కూ లేకుండా ఉండి చూడండి. ఇంకొకటి, వయోమింగ్ సంగతి మీ అమ్మాయికి మీరే చెప్పండి, ఇక్కడ చదివి తెలుసుకోనివ్వకండి ప్లీజ్.

30 ఆంప్స్:
అక్కయ్యగారూ, మీరు తప్పకుండా నేర్చుకోండి. టెక్సాస్‌లో 26,000 పౌండ్లు దాటితేనే వేరే తరగతి లైసెన్సు, మీ క్లాస్ సి అందులో సగం కాస్త అటూఇటూగా ఉంటుంది, మీ కారు లైసెన్సే చాలు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే స్కూలు పార్కింగ్‌కి తీసుకెళ్ళండి. నారింజ రంగు కోన్లు ఒక ఎనిమిది కొనండి. మొదటి రోజు ముందుకి నడపడం వద్దు, రివర్స్ ఒక్కటే. ఇలాంటి బండికి వెనక చక్రాల తర్వాత తోక చాలా పొడుగుంటుంది. కుడికి తిప్పితే తోక ఎడమకి కొడుతుంది, పెట్రోలు బంకు స్తంభాలకి గీతలు పడేది అక్కడే. అద్దంలో తోకనే చూస్తుండండి. అన్నగారూ, మీరు కిందే నిలబడండి. పక్క సీట్లో కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరవకండి.

ప్లేనో తాత:
రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి వయోమింగ్ సంగతి చెప్పాం. గంటన్నర తిట్టింది, ఎక్కువ భాగం నన్నే. కోన్లు ఆర్డర్ పెట్టాను, శుక్రవారం వస్తాయి. ఇల్లు సంగతి ఇంకా తేలలేదు.