చర్చ: అమర సైనికులందరికీ కలిపి ఒక జాతీయ స్మరణ దినం కావాలా?

తార్నాక తమ్ముడు
జులై 26న, కార్గిల్ విజయ దినం నాడు, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకం దగ్గర ఆర్మీ అధికారులు పుష్పగుచ్ఛాలు పెడతారు. కార్గిల్‌లో 527 మంది చనిపోయారు, వాళ్లలో మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. ఆ రోజు ఉండాల్సిందే. 1971 యుద్ధానికి డిసెంబర్ 16 కూడా ఉండాల్సిందే. కానీ రెండూ మనం గెలిచిన రోజులు. 1962 చైనా యుద్ధంలో పోయినవాళ్ల సంగతేంటి? 1987-90 మధ్య శ్రీలంకలో మన శాంతి సేన వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. వాళ్ల పేరు మీద మనకి తెలిసిన రోజేది?

జనవరి 30 మౌనం స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ల కోసం. డిసెంబర్ 7 జెండా దినం విరాళాల కోసం. పోలీసులకి అక్టోబర్ 21 ఉంది. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా కాల్పుల్లో పోయిన 10 మంది జ్ఞాపకంగా మొదలైనా, ఇప్పుడది విధుల్లో చనిపోయిన పోలీసులందరిదీ. గోషామహల్‌లో ఏటా జరుపుతారు. సైనికులకి అలాంటిది ఒకటి పెట్టాలని నా వాదన.

మాజీ సుబేదార్, మౌలాలి
బాబూ, ప్రతి రెజిమెంటుకీ తన యుద్ధాల రోజులు ఉన్నాయి. పోయినవాళ్ల పేర్లు యూనిట్‌లో ఎవరూ మర్చిపోరు. బయట జాతీయ దినం అంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు, అందులో జవాను ఫొటో చిన్నగా, లీడర్ ఫొటో పెద్దగా ఉంటుంది. అది చూడలేను. నేను వ్యతిరేకం.

దిల్‌సుఖ్‌నగర్ రీడర్
రోజు పెడితే సెలవు కూడా ఇవ్వాలి. సెలవు లేని రోజుని ఎవరూ పట్టించుకోరు.

తార్నాక తమ్ముడు
సెలవు మాత్రం వద్దు అన్నా. అమెరికాలో మెమోరియల్ డే మొదట మే 30న ఉండేది. 1971 నుంచి మే ఆఖరి సోమవారానికి మార్చారు, వరసగా మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. ఇప్పుడు అక్కడున్న మనవాళ్లకి ఆ వారం అంటే ముందు గుర్తొచ్చేది డిస్కౌంట్లు, ట్రిప్పులు. చివరికి మధ్యాహ్నం 3 గంటలకి ఒక్క నిమిషం ఆగి తలుచుకోండి అని 2000లో చట్టం చేయాల్సి వచ్చింది. బడులు, ఆఫీసులు నడిచే రోజైతేనే పిల్లలు ఒకచోట నిలబడి పేర్లు వింటారు.

సుబేదార్ గారూ, యూనిట్ మర్చిపోదు, నిజం. మర్చిపోయేది మా లాంటి మామూలు జనం. ఈ రోజు కావాల్సింది మాకే.

బోడుప్పల్ చెల్లెలు
మా అన్న ఆర్మీలో డ్రైవర్. డ్యూటీలో ఉండగా ట్రక్కు లోయలో పడి చనిపోయాడు. యుద్ధం కాదు, సరిహద్దు కాదు. కాగితాల్లో దాన్ని ఫిజికల్ క్యాజువాల్టీ అంటారు. బ్యాటిల్ క్యాజువాల్టీ అయితే భార్యకి చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది. మా వదినకి వచ్చేది అందులో 60 శాతం. ఆ 60 శాతం కోసం కూడా ఒక ఆఫీసులో ఫైలు నెలల తరబడి కదల్లేదు. మా అమ్మకి వచ్చిన టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు.

2020లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గారి కుటుంబానికి రాష్ట్రం 5 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. న్యాయం చేసింది, అందులో రెండో మాట లేదు. మా అన్నకి అంత ఇమ్మని అడగట్లేదు. మీరు పెట్టే రోజున చదివే పేర్లలో వాడి పేరు ఉంటుందా? ఉండదంటే ఆ రోజు మాకు అక్కర్లేదు.

మాజీ సుబేదార్, మౌలాలి
అమ్మా, ఉండాలి. సరుకు మోసే కాన్వాయ్ డ్రైవర్ లేకపోతే ముందున్నవాడికి తిండి లేదు, గుండు లేదు. పెన్షన్ లెక్క ప్రభుత్వానిది. స్మరణలో మాత్రం ఆ తేడా పెట్టకూడదు. మీ అన్న పేరు కూడా చదివే రోజు అయితే నేను ఒప్పుకుంటా. తారీఖు మాత్రం నవంబర్ 18 పెట్టండి. 1962లో లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర 13 కుమావూన్ బెటాలియన్‌లోని ఒక కంపెనీలో 114 మంది చనిపోయిన రోజు. ఓడిన యుద్ధంలో అంతకంటే గొప్పగా నిలబడినవాళ్లు నాకు తెలియదు.

తార్నాక తమ్ముడు
నా ఓటు ఫిబ్రవరి 25కి. 2019లో ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైన రోజు. అక్కడి గోడల మీద 1962 వాళ్లూ, శ్రీలంకలో పోయినవాళ్లూ, కార్గిల్ వాళ్లూ వరసగా ఉన్నారు. ఏ ఒక్క యుద్ధానిదీ కాని తారీఖు అయితే బోడుప్పల్ అక్క అడిగినదానికి చోటుంటుంది.

మాజీ సుబేదార్, మౌలాలి
ఫిబ్రవరి ఆఖరంటే ఇంటర్ పరీక్షల హడావుడి. పిల్లలే లేకుండా ఎవరికి వినిపిస్తావు? నవంబర్ 18 మాటే మళ్లీ చెప్తున్నా.

బోడుప్పల్ చెల్లెలు
రెండిట్లో ఏదైనా నేను వస్తాను. పేర్లు జిల్లాల వారీగా చదవండి, మా ఊరివాళ్లకి తెలుస్తుంది.