లీగల్ నోటీసుకు జవాబు అకౌంట్స్ వాళ్లు రాయొచ్చా?

జీడిమెట్ల_లెడ్జర్:
మాది చిన్న ఫ్యాక్టరీ. లీగల్ డిపార్ట్‌మెంట్ అంటూ ఏమీ లేదు. ఒక సప్లయర్‌కి ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి, వాళ్ల లాయర్ నుంచి స్పీడ్ పోస్టులో నోటీసు వచ్చింది. "ఫీజు దండగ, నువ్వే ఏదో ఒకటి రాసి పంపెయ్" అంటున్నారు మా సార్. నేను చదివింది బీకాం. రాయొచ్చా?

బిల్లుబాబు:
రాయొచ్చండీ. లాయరే జవాబివ్వాలని ఏ చట్టమూ అనలేదు. ఎంత సరుకు వచ్చింది, ఎంత కట్టారు, ఎంత మిగిలింది అన్నది తెలిసేది మీకే. లాయర్ కూడా మీరు చెప్పిందే ఇంకాస్త గట్టి భాషలో టైపు చేయిస్తాడు.

కోర్టుగుమ్మం:
మామూలు పేమెంట్ రిమైండర్ అయితే బిల్లుబాబు గారి మాటే నాదీ. కానీ ఇది చెక్కు కేసు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద, నోటీసు అందిన 15 రోజుల్లో ఆ డబ్బు కట్టకపోతే వాళ్లు కోర్టుకి వెళ్లొచ్చు. రుజువైతే 2 ఏళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. మనవాళ్లు మర్యాదకి ఏం రాస్తారో తెలుసుగా: "ప్రస్తుతం ఫండ్స్ టైట్‌గా ఉన్నాయి, వచ్చే నెల తప్పకుండా సర్దుతాం." బాకీ ఉందని మన లెటర్‌హెడ్ మీద మనమే రాసిచ్చినట్టు! తర్వాత సరుకు నాసిరకం అని ఎంత మొత్తుకున్నా, అవతలివాళ్లు జడ్జి ముందు ఆ కాగితమే పెడతారు.

బిల్లుబాబు:
ఏదీ ఒప్పుకోకుండా రాస్తే సరిపోదా? దానికి వేలకు వేలు ఎందుకు?

కోర్టుగుమ్మం:
ఏది ఒప్పుకోవాలో, ఏది కూడదో తేల్చడానికే ఆ ఫీజు. నిజంగా బాకీ ఉంటే గడువులోపు కట్టేయండి, ఏ లాయరూ అక్కర్లేదు.

స్టోర్స్_అక్క:
ఇద్దరూ జవాబు దగ్గరే కొట్టుకుంటున్నారు. తమ్ముడూ, ముందు ఆ కవరు పారేయకు. అందిన తేదీ దాని మీద వేసి ఇన్వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించు. 15 రోజుల లెక్క అక్కణ్ణుంచే. చెక్కు వాపసైందని వాళ్లకి బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు ఇచ్చారా లేదా, అదీ చూడు. ఇన్‌వాయిస్, గేటు దగ్గర సరుకు దింపుకున్న చలాన్, తక్కువ వచ్చిందని డెబిట్ నోట్ వేసి ఉంటే అదీ, అన్నీ ఒక్క ఫైల్లో పెట్టు. ఇది లాయర్ చేసే పని కాదు, మనదే. జవాబు మాత్రం నేనైతే ముట్టుకోను. ఇంతకీ చెక్కు మీద సంతకం ఎవరిది?

జీడిమెట్ల_లెడ్జర్:
సార్‌దే అక్కా.

స్టోర్స్_అక్క:
కంపెనీ చెక్కయినా సంతకం పెట్టినవాళ్ల మీద కూడా కేసు వేస్తారు. ఆ సంగతి ఆయనకి చెప్పి, అప్పుడు అడుగు ఫీజు దండగో కాదో.