మెడ సైజింగ్ డై: బుషింగ్ కొలత ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: కాల్చిన .308 విన్చెస్టర్ రైఫిల్ తూటాల ఇత్తడి కేసులను (ఖాళీ గొట్టాలను) మళ్లీ నింపడానికి, వాటి మెడను (బుల్లెట్‌ను పట్టుకునే భాగాన్ని) మాత్రమే డైతో నొక్కి సైజు చేస్తున్నాను. బుల్లెట్ అమర్చాక మెడ వెలుపలి వ్యాసం 0.336 అంగుళాలు ఉంది. ఏ బుషింగ్ (డైలో మెడను నొక్కే, మార్చుకోగల రింగు) తీసుకోవాలో, ఎక్స్‌పాండర్ బాల్ (మెడను లోపలి నుంచి సరైన వ్యాసానికి తెచ్చే గుండు) ఉంచాలో తీసేయాలో దయచేసి చెప్పగలరా?

జవాబు 1: 0.334తో మొదలుపెట్టండి. ఇత్తడి నొక్కిన తర్వాత కొద్దిగా విచ్చుకుంటుంది కనుక, సైజు చేసిన మెడను కొలిచాకే 0.333 అవసరమో కాదో తేల్చుకోవాలి.

జవాబు 2: మెడ గోడ మందం అంతటా సమానంగా ఉంటే బాల్ తీసేయండి, ఎందుకంటే కేసును డై నుంచి వెనక్కి లాగేటప్పుడు అది మెడను వంచగలదు, మందంలో తేడా ఉంటే మాత్రం బుషింగ్ ఆ తేడాను లోపలికి నెడుతుంది కాబట్టి, ముందుగా మెడ వెలుపలి భాగాన్ని చెక్కి సమం చేయాలి. సైజింగ్‌కు ముందూ తర్వాతా డయల్ ఇండికేటర్‌తో (సూక్ష్మమైన తేడాలను చూపే కొలత సాధనంతో) మెడ వంకరను చూడండి. నా దృష్టిలో బుషింగ్ ఎంపిక కంటే ఇదే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. నాలుగైదు కాల్పుల తర్వాత అవే కేసులతో రైఫిల్ బోల్టు మూయడం కష్టమవుతోంది.

జవాబు 1: మెడ ఒక్కటే సైజు చేస్తే అది సహజమే. ఫుల్ లెంగ్త్ డైతో (మెడనే కాక కేసు మొత్తాన్ని నొక్కే డైతో) కేసు భుజాన్ని (మెడ కింది వాలు భాగాన్ని) 0.002 అంగుళం వెనక్కి జరపండి.