ఫిజిక్స్ టీచర్లకు ప్రయోగాల శిక్షణ: చేతులతో చేయించాలా, వీడియోలు చాలా?

ఇనుపచువ్వ:
జాతీయ విద్యా విధానం 2020 టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. అందులో ప్రయోగాలను బల్ల దగ్గర టీచర్ల చేతే చేయించాలన్నది నా వాదన. తెలంగాణ పదో తరగతి పుస్తకంలో ఓమ్ నియమం కృత్యం చూడండి. 1.5 వోల్టుల సెల్స్ ఐదు, 10 సెం.మీ. ఇనుప చువ్వ, అమ్మీటరు, వోల్టుమీటరు. చదవడానికి హాయిగానే ఉంటుంది. సైకిల్ చువ్వ పెట్టి కీ (స్విచ్) వేయండి. వోల్టుమీటరు ముల్లు ఉలకదు, పలకదు. అమ్మీటరు ముల్లు పోయి అంచుకు కొట్టుకుంటుంది, సెల్స్ వేడెక్కుతాయి. 2 మి.మీ. మందం చువ్వకు నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతులు మూడో నాలుగో, అంతే. అంటే దాదాపు షార్ట్ సర్క్యూట్. పాత హీటర్ కాయిల్ నుంచి, నిరోధం ఎక్కువుండే నిక్రోమ్ తీగ ఒక మీటరు తీసి పెడితే రీడింగులు వస్తాయి. ఇది చేసి చూస్తేనే తెలుస్తుంది.

పీఎస్ మేడమ్:
బాగానే ఉంది సర్. నేను శిక్షణకి పోతే నా టెన్త్ పిల్లలకి పాఠం చెప్పేదెవరు? మా ల్యాబ్‌లో పనిచేసే అమ్మీటరు ఒక్కటే, పిల్లలు యాభై మంది. సిలబస్ టెన్షన్ సరేసరి. ముందు సామాను ఇవ్వమనండి. వీడియో అయితే రాత్రి ఇంట్లో చూసుకుంటాను.

పాతకాపు:
మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972 నుంచి 2002 దాకా 6-8 తరగతుల సైన్సుకు ఇలాంటి కార్యక్రమమే నడిచింది. పిల్లలు చేయాల్సిన ప్రయోగాలే ముందు టీచర్లు చేసేవారు. బడికి కిట్ వచ్చేది, నెలనెలా సమావేశాలుండేవి. అసలు సంగతి పరీక్షది: పుస్తకం చూసి రాయొచ్చు, ప్రయోగమూ చేసి చూపాలి. మన దగ్గర పబ్లిక్ పరీక్షలో పటం గీసి పరికరాల పేర్లు రాస్తే మార్కులు పడిపోతుంటే, ఎంత శిక్షణ ఇచ్చినా ల్యాబ్ తాళం ఎవరు తీస్తారు?

ఇనుపచువ్వ:
పరీక్ష మాట ఒప్పుకుంటాను. కానీ అది మారేదాకా ఆగుదామంటే ఒప్పుకోను. మేడమ్, శిక్షణ వేసవిలో పెట్టి, ఆ రోజులకు ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఇస్తే సరి. సామాను వచ్చినా, ఏ తీగ పెట్టాలో తెలియకపోతే ఉన్న ఆ ఒక్క అమ్మీటరూ కాలిపోతుంది.

పీఎస్ మేడమ్:
ఈఎల్స్ ఇస్తే వస్తాను. ఇంతకీ ఐదు సెల్స్ పెడితే ఆ నిక్రోమ్ ఎర్రబడదా?

ఇనుపచువ్వ:
తీగ మందాన్ని బట్టి. కరెంటు ఒక ఆంపియర్ దాటుతుంటే తీగ పొడవు పెంచండి. రీడింగ్ రాసుకోగానే కీ తీసేయండి.